ఎర్లాంగెన్ వెళ్తున్నా: ఈ ఫ్రాంకెన్ అనేది అసలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది?

కర్నూలు_కుర్రాడు (ప్రశ్న)

అందరికీ నమస్తే. ఈ అక్టోబరు సెమిస్టర్‌కి ఎర్లాంగెన్ యూనివర్సిటీలో మాస్టర్స్ సీటు వచ్చింది, వీసా పని నడుస్తోంది. ఈలోగా వెళ్లబోయే ఊరి గురించి నాలుగు ముక్కలు తెలుసుకుందామని కూర్చుంటే తల తిరిగిపోయింది. కాగితాల మీద బవేరియా అని ఉంది, మ్యాప్‌లో కూడా బవేరియాలోనే ఉంది, కానీ అక్కడున్న సీనియర్‌తో "బవేరియా వస్తున్నా అన్నా" అంటే ఆయన నవ్వేసి "ఇక్కడివాళ్ల ముందు ఆ మాట అనకు, ఇది ఫ్రాంకెన్" అన్నాడు. ఫ్రాంకెన్ ఏదో రాష్ట్రమేమో అని వెతికితే జర్మనీ 16 రాష్ట్రాల జాబితాలో ఆ పేరే లేదు. పైగా హైల్‌బ్రోన్‌లో చదువుతున్న మా ఫ్రెండ్ "మాదీ ఫ్రాంకెనే రా, మా రీజియన్ పేరులోనే ఉంది" అంటాడు, వాడుండేది బాడెన్-వుర్టెంబర్గ్‌లో!

అసలు ఇది ఎక్కడి నుంచి ఎక్కడి వరకు? ఎంతమంది ఉంటారు? ఫ్రాంక్‌ఫర్ట్ కూడా ఇందులోదేనా? ఇంకో అసలు టెన్షన్ ఏంటంటే ఎర్లాంగెన్‌లో రూమ్ దొరకడం కష్టమంటున్నారు, చుట్టుపక్కల ఎంత దూరం దాకా చూడొచ్చు, ఏ వైపు ఊళ్లు పెరుగుతున్నాయి, ఏ వైపు ఖాళీ అవుతున్నాయి తెలిస్తే చెప్పండి. వికీ లింకులు వద్దు, అక్కడ ఉన్నవాళ్లు మీ మాటల్లో చెప్పండి ప్లీజ్.

పెగ్నిట్జ్_ఒడ్డున

తమ్ముడూ, కంగ్రాట్స్. నేను న్యూరెంబర్గ్‌లో ఉంటా, ఉద్యోగం ఎర్లాంగెన్‌లో, కాబట్టి నీ ప్రశ్నకు సగం జవాబు రోజూ రైలు కిటికీలోంచి చూస్తూనే ఉంటా.

ముందు తేలికైన భాగం. బవేరియా రాష్ట్రంలో ఏడు పాలనా విభాగాలున్నాయి, వాటిలో ఉత్తరాన ఉన్న మూడింటి పేర్లలో ఫ్రాంకెన్ ఉంటుంది: ఓబర్‌ఫ్రాంకెన్, మిట్టెల్‌ఫ్రాంకెన్, ఉంటర్‌ఫ్రాంకెన్. అంటే ఎగువ, మధ్య, దిగువ అని. ఈ ఎగువ, దిగువ అనేది మైన్ నది పారే వాలును బట్టి, అందుకే ఎగువ ఫ్రాంకెన్ తూర్పున, దిగువ ఫ్రాంకెన్ పడమరన ఉంటాయి, మ్యాప్‌లో పైనా కిందా వెతికితే దొరకవు. ఎగువకు కేంద్రం బైరాయిత్, దిగువకు వుర్జ్‌బర్గ్. మధ్యదానికి న్యూరెంబర్గ్ అనుకుంటారు అందరూ, కానీ ఆఫీసులన్నీ ఉండేది అన్స్‌బాఖ్ అనే నలభై వేల మంది ఉండే చిన్న ఊళ్లో. ఎర్లాంగెన్ మధ్య ఫ్రాంకెన్‌లోకి వస్తుంది.

మూడూ కలిపి విస్తీర్ణం దాదాపు 23,000 చదరపు కిలోమీటర్లు, జనాభా సుమారు 41 లక్షలు. అంటే బవేరియా నేలలోనూ జనంలోనూ మూడో వంతు దగ్గర దగ్గర. మొత్తం ఫ్రాంకెన్ జనం ఒక్క హైదరాబాద్ జనం కంటే తక్కువ, అది గుర్తుపెట్టుకో, ఇక్కడ "పెద్ద సిటీ" అంటే నీ మనసులో వచ్చే బొమ్మ వేరు. మధ్య ఫ్రాంకెన్‌లో 18 లక్షల దాకా, దిగువలో 13 లక్షలు, ఎగువలో పదిన్నర లక్షలు. న్యూరెంబర్గ్ ఒక్కటే ఐదు లక్షలు దాటిన నగరం. దాన్ని ఆనుకుని ఫుర్త్ (1.3 లక్షలు), దాని పైన ఎర్లాంగెన్ (1.15 లక్షలు). ఈ మూడూ దాదాపు కలిసిపోయిన ఊళ్లే, మధ్యలో క్నోబ్లాఖ్స్‌లాండ్ అని కూరగాయల పొలాలు అడ్డం ఉన్నాయి కాబట్టి వేరువేరుగా కనిపిస్తాయి. అదే మన దగ్గరైతే ఆ పొలాలు ఈపాటికి వెంచర్లు అయిపోయేవి.

ఫ్రాంక్‌ఫర్ట్ ఇందులో లేదు, అది హెస్సె రాష్ట్రం. హైల్‌బ్రోన్ సంగతి కాస్త తిరకాసు, మ్యాపుల_పిచ్చి ఇటు వస్తే ఆయనకు వదిలేస్తా.

సింగరేణి_బిడ్డ

సింపుల్‌గా చెప్పాలంటే బవేరియాలో ఫ్రాంకెన్ అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తెలంగాణ లాంటిది బ్రో. యాస వేరు, తిండి వేరు, తీసుకెళ్లి కలిపేశారు, రాజధానేమో వేరేవాళ్ల దగ్గర. అంతే.

మ్యాపుల_పిచ్చి

పిలిచారు కాబట్టి వచ్చా. ఈ ప్రశ్నకు జవాబు నువ్వు దేన్ని కొలతగా తీసుకుంటావన్న దాని మీద ఉంటుంది. పాలనా గీతలు చూస్తే పైన చెప్పిన మూడు విభాగాలు, అక్కడితో అయిపోయింది. మాట్లాడే యాస చూస్తే ఫ్రాంకెన్ బవేరియా గీత దాటి రెండు వైపులా బయటికి పోతుంది, ఇంకో వైపు లోపలికి ముడుచుకుంటుంది.

బయటికి పోయేవి: పడమర-దక్షిణాన బాడెన్-వుర్టెంబర్గ్‌లో టౌబర్ నది లోయ (వెర్ట్‌హైమ్, బాడ్ మెర్గెంట్‌హైమ్), దాని కింద హోహెన్‌లోహె ప్రాంతం. ఇక్కడివాళ్లు తూర్పు ఫ్రాంకెన్ యాసే మాట్లాడతారు, నెపోలియన్ కాలంలో గీతలు గీసినప్పుడు అటు పడ్డారు. ష్వేబిష్ హాల్ అనే ఊరి పేరులో ష్వాబెన్ (ఫ్రాంకెన్‌కి పడమర-దక్షిణాన ఉన్న పక్క ప్రాంతం) ఉన్నా యాస మాత్రం ఫ్రాంకెన్ వైపే. మీ ఫ్రెండ్ చెప్పిన హైల్‌బ్రోన్-ఫ్రాంకెన్ అనేది ఈ జిల్లాలన్నీ కలిపిన ప్లానింగ్ రీజియన్, కాబట్టి వాడి మాట కాగితం మీద నిజమే, కానీ హైల్‌బ్రోన్ నగరం మాత్రం సరిహద్దు మీది కేసు, పాత సామ్రాజ్య (పవిత్ర రోమన్ సామ్రాజ్యం) రోజుల్లో అది ష్వాబెన్ మండలంలో ఉండేది. వాడితో పందెం కాయకు, ఇద్దరూ గెలుస్తారు.

ఉత్తరాన థురింగియా రాష్ట్రంలో రెన్‌స్టైగ్ అని కొండ మీద పొడవాటి పాత దారి ఉంది. దానికి దక్షిణాన ఉన్న మైనింగెన్, హిల్డ్‌బుర్గ్‌హౌజెన్, సోన్నెబెర్గ్, సూల్ ఇవన్నీ ఫ్రాంకెన్ యాస ఊళ్లే. పాలన థురింగియాది, 1990 దాకా తూర్పు జర్మనీది. సోన్నెబెర్గ్ జిల్లా అయితే ఇప్పుడు న్యూరెంబర్గ్ మెట్రోపాలిటన్ ప్రాంతంలో సభ్యురాలు కూడా. పక్కనే ఉన్న కోబుర్గ్ కథ ఇంకా బాగుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడి రాజు దిగిపోతే జనాన్నే అడిగారు, థురింగియాలో కలుస్తారా అని. 1919 నవంబరు 30న ఓటేస్తే దాదాపు 88 శాతం వద్దన్నారు. దాంతో 1920 జులై 1న బవేరియాలో చేరారు. ఆ ఓటు పుణ్యాన 1945 తర్వాత కోబుర్గ్ అమెరికన్ల వైపు ఉంది, పక్కనున్న సోన్నెబెర్గ్ ముళ్లకంచె అవతల మిగిలింది. రెండు ఊళ్లకీ మధ్య దూరం పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు.

లోపలికి ముడుచుకునే వైపు అషాఫెన్‌బర్గ్. పాలనలో దిగువ ఫ్రాంకెన్, కానీ మధ్యలో ష్పెసార్ట్ అడవి కొండలు అడ్డం, ఆ కొండల అవతల మాట్లాడేది హెస్సె యాస, ఉద్యోగానికి పోయేది ఫ్రాంక్‌ఫర్ట్. చారిత్రకంగా అది మైన్స్ నగర ఆర్చిబిషప్ సొత్తు, 1814లో గానీ బవేరియా చేతికి రాలేదు. దక్షిణాన ఐఖ్‌ష్టెట్ మధ్య ఫ్రాంకెన్‌లో ఉండేది, 1972 జిల్లాల మార్పుల్లో ఎగువ బవేరియాకు పోయింది. ఇవన్నీ కలుపుకుని, కొన్ని తీసేసుకుని, "ఫ్రాంకెన్ యాస, ఫ్రాంకెన్ సంస్కృతి" లెక్క కడితే 50 లక్షల చుట్టుపక్కల తేలుతుంది, కానీ దానికి ఏ సర్కారు లెక్కా లేదు, ఎవరి గీత వాళ్లది.

నేల సంగతి కూడా చెప్తా, అది నాకు ఇష్టమైన భాగం. పడమర నుంచి తూర్పుకి రైల్లో పోతే నేల మెట్లుమెట్లుగా మారుతుంది. ష్పెసార్ట్‌లో ఎర్ర ఇసుకరాయి, పంట సరిగా పండదు కాబట్టి అడవి మిగిలింది. తర్వాత వుర్జ్‌బర్గ్ చుట్టూ సున్నపురాయి, దాని మీద మంచి ఒండ్రు లాంటి మెత్తటి మట్టి, గోధుమ, చక్కెర తీసే బీట్ దుంప, వాలు మీద ద్రాక్ష. ఆ తర్వాత ష్టైగర్‌వాల్డ్ అంచు ఒక్కసారిగా లేస్తుంది, అక్కడి నుంచి న్యూరెంబర్గ్ దాకా మళ్లీ ఇసుక నేల, పైన్ చెట్లు, చేపల చెరువులు. న్యూరెంబర్గ్ దాటాక జురాసిక్ సున్నపురాయి పీఠభూమి, అందులో ఫ్రెంకిష ష్వైట్స్ అనే కొండలు, గుహలు, రాతి గోడలు, నీళ్లు పైన నిలవవు, కిందికి ఇంకిపోతాయి. చివర తూర్పు కొసన ఫిఖ్టెల్ కొండలు, గ్రానైట్, అక్కడి ష్నేబెర్గ్ 1,051 మీటర్లు, ఫ్రాంకెన్‌లో అంతకన్నా ఎత్తు లేదు. ఆ చిన్న కొండల గుంపు నుంచి నాలుగు నదులు నాలుగు దిక్కులకు పోతాయి: తెల్ల మైన్ పడమరకు, జాలె ఉత్తరానికి, ఎగెర్ తూర్పుకు, నాబ్ దక్షిణానికి. మైన్ రైన్‌లో కలుస్తుంది, జాలె, ఎగెర్ రెండూ చివరికి ఎల్బేకి చేరతాయి, నాబ్ డాన్యూబ్‌కి.

దానివల్ల యూరప్ పెద్ద నీటి విభజన గీత ఫ్రాంకెన్ మధ్యలోంచి పోతుంది. దక్షిణాన ట్రొయిష్‌ట్లింగెన్ దగ్గర ఆల్ట్‌ముల్ నది నీళ్లు నల్ల సముద్రానికి, దానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న రెట్సాట్ నీళ్లు ఉత్తర సముద్రానికి. ఈ రెండు కిలోమీటర్లు తవ్వేస్తే పడవలు అటూ ఇటూ పోతాయి కదా అని 793లోనే షార్లమేన్ చక్రవర్తి కాలువ మొదలుపెట్టించాడు, ఆ గుంట ఇప్పటికీ ఉంది, వెళ్లి చూడొచ్చు. అసలు పని పూర్తయింది మాత్రం 1992లో, బాంబెర్గ్ నుంచి కెల్‌హైమ్ దాకా 171 కిలోమీటర్ల మైన్-డాన్యూబ్ కాలువతో. ఎర్లాంగెన్ పక్కనుంచే పోతుంది అది, సాయంత్రం సైకిల్ తొక్కడానికి మంచి చోటు.

ఇంకో మాట, ఇది మన రాయలసీమ తమ్ముడికి నచ్చుతుంది. బవేరియా దక్షిణాన ఆల్ప్స్ వల్ల నీళ్లు పుష్కలం, ఉత్తరాన ఫ్రాంకెన్‌లో కరువు. అందుకని 1970లో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసి డాన్యూబ్, ఆల్ట్‌ముల్ నీళ్లను గీత దాటించి రెగ్నిట్జ్, మైన్ నదుల వైపు మళ్లించే పథకం కట్టారు. న్యూరెంబర్గ్ దక్షిణాన ఇప్పుడు జనం ఈతకు పోయే బ్రోంబాఖ్ లాంటి చెరువులన్నీ ఆ పథకంలో భాగంగా కట్టినవే. వాటిని చూసి సహజ సరస్సులు అనుకుని ఫొటోలు పెట్టేవాళ్లు చాలామంది.

పెగ్నిట్జ్_ఒడ్డున

మ్యాపుల గారూ, సూపర్.

సింగరేణి_బిడ్డ బ్రో, నీ పోలిక మొదటి మెట్టు వరకు పనికొస్తుంది, కానీ సాగదీస్తే తెగిపోతుంది. ముఖ్యమైన తేడా ఏంటంటే, బవేరియాలో కలిసే ముందు ఫ్రాంకెన్ ఎప్పుడూ ఒక్క రాజ్యంగా లేదు. 1500లో సామ్రాజ్యాన్ని మండలాలుగా విడగొట్టినప్పుడు ఫ్రాంకెన్‌కి ఒక మండలం వచ్చింది, అంతకు మించి ఏమీ లేదు. వుర్జ్‌బర్గ్, బాంబెర్గ్ బిషప్పులవి, అన్స్‌బాఖ్, బైరాయిత్ హోహెన్‌త్సోలెర్న్ వంశపు మార్గ్రేవులవి (ఒక రకం సామంత రాజులు), న్యూరెంబర్గ్ స్వతంత్ర నగరం, మధ్యలో జమీందార్లు, మఠాలు, పల్లెకో యజమాని, అచ్చంగా అతుకుల బొంత. నెపోలియన్ కాలంలో 1803 నుంచి 1814 లోపు ఒక్కో ముక్కా బవేరియా చేతికి వచ్చింది, న్యూరెంబర్గ్ 1806లో, బైరాయిత్ 1810లో. 1830ల చివర లుడ్విగ్ రాజు పాత ప్రాంతాల పేర్లు మళ్లీ బతికించాలని నదుల పేర్లతో ఉన్న విభాగాలకు ఇప్పటి పేర్లు పెట్టాడు. అందుకే "ఫ్రాంకెన్ రాజధాని ఏది" అని అడిగితే న్యూరెంబర్గ్ వాడొకటి, వుర్జ్‌బర్గ్ వాడొకటి, బాంబెర్గ్ వాడొకటి చెప్తాడు. ప్రత్యేక రాష్ట్రం కావాలని గట్టి ఉద్యమం ఏమీ లేదు. 2009లో ఫ్రాంకెన్ పేరుతో ఒక పార్టీ పుట్టింది గానీ రాష్ట్ర శాసనసభలో అడుగుపెట్టలేదు. మ్యూనిక్ మీద సణుగుడు మాత్రం గట్టిగానే ఉంటుంది, న్యూరెంబర్గ్ చిత్రకారుడు డ్యూరర్ గీసిన నలుగురు అపోస్తలుల చిత్రం 1627లో మ్యూనిక్ పోయి ఇంకా తిరిగి రాలేదని ఈరోజుకీ ఎత్తిపొడుస్తారు. నువ్వన్న "రాజధాని వేరేవాళ్ల దగ్గర" మాట కూడా పూర్తిగా నిలవదు, 2018 నుంచి ముఖ్యమంత్రి జోడర్ న్యూరెంబర్గ్ మనిషే.

ఈ అతుకుల వల్ల వచ్చిన అసలు తేడా మతం. న్యూరెంబర్గ్ 1525లోనే లూథర్ వైపు తిరిగింది, మార్గ్రేవుల ఊళ్లూ అంతే, బిషప్పుల ఊళ్లు కాథలిక్‌గా ఉండిపోయాయి. దక్షిణ బవేరియా అంతా దాదాపు కాథలిక్కే కదా, ఇక్కడ అలా కుదరదు, ఈ పల్లె ప్రొటెస్టెంట్ అయితే పొలం దాటితే కాథలిక్. ఇది చరిత్ర పుస్తకం సంగతి అనుకుంటావేమో, ఆగస్టు 15న తెలుస్తుంది నీకు. ఆ రోజు మేరీ పండుగ సెలవు బవేరియాలో కాథలిక్కులు ఎక్కువున్న ఊళ్లకే. బాంబెర్గ్‌లో షాపులు బంద్, న్యూరెంబర్గ్‌లో మామూలు పనిరోజు. బాంబెర్గ్ నుంచి న్యూరెంబర్గ్ ఆఫీసుకు వచ్చే మా టీమ్ అమ్మాయి ప్రతి ఏడూ ఆ రోజు తిట్టుకుంటూ వస్తుంది.

వుర్జ్‌బర్గ్_లక్ష్మి

ఇక్కడ అందరూ న్యూరెంబర్గ్ చుట్టూనే తిరుగుతున్నారు కాబట్టి దిగువ ఫ్రాంకెన్ తరఫున నేను రెండు మాటలు. ఫ్రాంకెన్‌ని జనం మామూలుగా విడదీసేది పాలనా గీతలతో కాదండీ, తాగేదాన్ని బట్టి. మా వైపు వైన్, మీ వైపు బీరు. మైన్ లోయలో వాలు అంతా ద్రాక్షే, ముఖ్యంగా జిల్వానర్ రకం, చదునుగా గుండ్రంగా ఉండే బోక్స్‌బోయిటెల్ సీసాలో అమ్ముతారు. ష్టైగర్‌వాల్డ్ దాటగానే బీరు కంపెనీలు మొదలవుతాయి. ఎగువ ఫ్రాంకెన్‌లో అయితే ప్రతి పల్లెకీ ఒకటి. ఔఫ్‌సెస్ అనే ఊరికి 2001లో గిన్నిస్ రికార్డు ఇచ్చారు, పదిహేను వందల జనానికి నాలుగు బ్రూవరీలు.

వాతావరణం కూడా వేరు. మాది పల్లం, పొడి, ఎండ ఎక్కువ. మాకు దగ్గర్లోని కిట్సింగెన్‌లో 2015లో 40.3 డిగ్రీలు నమోదైంది, అప్పటికి జర్మనీ మొత్తంలో రికార్డు. కర్నూలు తమ్ముడు నవ్వుకుంటాడు గానీ ఇళ్లలో ఏసీలు, ఫ్యాన్లు ఉండవు నాన్నా, ఆ వేడి ఇంట్లోనే కూర్చుంటుంది.

జనాభా విషయానికి వస్తే వుర్జ్‌బర్గ్‌లో లక్షా ముప్పై వేల లోపే, అందులో స్టూడెంట్లు చాలా ఎక్కువ. 1945 మార్చి 16 రాత్రి బాంబులకు ఊరు దాదాపు మొత్తం కాలిపోయింది, ఇప్పుడు చూసే పాత భవనాల్లో చాలావరకు మళ్లీ కట్టినవే. ష్వైన్‌ఫర్ట్ బేరింగుల ఊరు, అక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో మన పిల్లలు చాలామంది ఉన్నారు. అద్దెలు మా ఊరికంటే అక్కడ నయం. ఆడపిల్లలు ఎవరైనా ఈ వైపు వస్తుంటే మెసేజ్ చేయండి, ముందే ఏ ఏరియా అని చెప్తా.

హోఫ్_చలిలో

ఖాళీ అవుతున్న ఊళ్ల గురించి అడిగావు కదా, ఆ ఊళ్లలోనే ఉన్నా కాబట్టి నేను చెప్పాలి.

ఎగువ ఫ్రాంకెన్‌ని ఒక్కటిగా చూడొద్దు. పడమర సగం, అంటే బాంబెర్గ్, ఫోర్‌హైమ్ పెరుగుతున్నాయి. తూర్పు సగం, అంటే హోఫ్, వున్‌జీడెల్, క్రోనాఖ్ దశాబ్దాలుగా తగ్గుతున్నాయి. కారణం ఒక్కటి కాదు. ఇక్కడ రెండు పరిశ్రమలు బతికించేవి: హోఫ్, మ్యున్ష్‌బెర్గ్, హెల్మ్‌బ్రెష్ట్స్ చుట్టూ బట్టల మిల్లులు, జెల్బ్ చుట్టూ పింగాణీ. మీ ఇంట్లో ఎప్పుడైనా రోజెంతాల్ కప్పులు చూసి ఉంటే అవి జెల్బ్‌వే. రెండూ చవక దిగుమతుల ముందు నిలబడలేకపోయాయి. జెల్బ్‌లో ఒకప్పుడు 20 వేల పైన జనం ఉండేవాళ్లు, ఇప్పుడు 15 వేలు. దానికి తోడు యుద్ధం తర్వాత నలభై ఏళ్లు ఈ జిల్లాలకు ఒక వైపు తూర్పు జర్మనీ కంచె, ఇంకో వైపు చెకోస్లొవేకియా కంచె, రోడ్లు రెండు వైపులా అక్కడితో ఆగిపోయేవి. మోడ్లారొయిత్ అని ఒక పల్లె ఉంది మా దగ్గర, యాభై మంది కూడా ఉండరు, మధ్యలో వాగు. వాగుకి ఇటు బవేరియా, అటు థురింగియా, దాని మధ్యలోనే గోడ కట్టారు. అమెరికన్ సైనికులు దాన్ని చిన్న బెర్లిన్ అనేవాళ్లట. ఆ గోడ ముక్క ఇంకా ఉంది, మ్యూజియం చేశారు.

కంచె తీసేశాక బాగుపడుతుందనుకున్నారు, కొన్నేళ్లు షాపింగ్‌కి అటునుంచి తండోపతండాలుగా వచ్చారు కూడా, తర్వాత సరిహద్దు ప్రాంతమని ఇచ్చే రాయితీలు పోయాయి, కంపెనీలు అటు తూర్పుకు పోయాయి. పిల్లలు చదువుకని న్యూరెంబర్గ్, లైప్‌జిగ్ పోతే మళ్లీ రారు. మిగిలేది పెద్దవాళ్లు. చావులు పుట్టుకల కంటే ఎక్కువ, కాబట్టి బయటివాళ్లు రాకపోతే ఏటా లెక్క తగ్గడమే. ఈ మధ్య తగ్గుదల నెమ్మదించింది, అందులో మన పాత్ర కూడా కొంచెం ఉంది, నవ్వకండి, హోఫ్ కాలేజీలోనే బవేరియా-ఇండియా సెంటర్ ఉంది, నలభై ఐదు వేల జనం ఉన్న ఊళ్లో మన స్టూడెంట్లు వీధిలో కనబడకుండా ఉండరు.

లాభాలు: అద్దె ఎర్లాంగెన్‌లో సగం లాంటిది, గది వెంటనే దొరుకుతుంది. నష్టాలు: సముద్రమట్టానికి ఐదు వందల మీటర్ల ఎత్తు, బవేరియా సైబీరియా అని ఊరికే అనరు. సాయంత్రం తర్వాత పల్లెలకు బస్సు ఉండదు, పార్ట్‌టైమ్ ఉద్యోగాలు తక్కువ. కానీ నీకు ఇక్కడ నుంచి ఎర్లాంగెన్ రోజూ తిరగడం కుదరదు, ఆ ఆశ పెట్టుకోకు.

సింగరేణి_బిడ్డ

ఓకే ఓకే, పోలిక వెనక్కి తీసుకోను గానీ పెగ్నిట్జ్ అన్న చెప్పిన అతుకుల పాయింట్ బాగుంది. ఇంతకీ ఎర్లాంగెన్ ఎందుకు పెరిగింది మరి? చుట్టూ అదే ఫ్రాంకెన్ కదా.

మ్యాపుల_పిచ్చి

ఎర్లాంగెన్ మూడుసార్లు బయటివాళ్ల వల్లే పెరిగింది. 1686లో ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన హ్యూగెనాట్ ప్రొటెస్టెంట్లకు మార్గ్రేవ్ క్రిస్టియన్ ఎర్న్‌స్ట్ చోటిచ్చి, పాత ఊరి పక్కన గీత గీసినట్టు తిన్నగా వీధులతో కొత్త ఊరు కట్టించాడు, ఇప్పటికీ సెంటర్‌లో ఆ తిన్నటి వీధులే. 1743లో యూనివర్సిటీ వచ్చింది. 1945 తర్వాత బెర్లిన్ ప్రమాదమని సీమెన్స్ తన ఆఫీసుల్లో పెద్ద భాగాన్ని ఇక్కడికి తెచ్చింది. యుద్ధం ముందు చిన్న ఊరు, 1974కి లక్ష దాటింది. అదే టైమ్‌లో సుడెటెన్‌లాండ్, సిలీషియా (ఇప్పటి చెక్, పోలండ్ వైపు ప్రాంతాలు) నుంచి వెళ్లగొట్టబడ్డ జర్మన్లు లక్షల్లో వచ్చారు, 1950 నాటికి బవేరియాలో ప్రతి ఐదుగురిలో ఒకరు అలా వచ్చినవాళ్లే. ఎర్లాంగెన్ పక్కన బుబెన్‌రొయిత్ అనే పల్లె ఉంది, ఇప్పటి చెక్ దేశంలోని షోన్‌బాఖ్ నుంచి వయొలిన్లు, గిటార్లు చేసేవాళ్లంతా ఒకేసారి వచ్చి అక్కడ దిగారు, పల్లె స్వరూపమే మారిపోయింది. ఆ తర్వాత 1960ల నుంచి టర్కీ, ఇటలీ, గ్రీసు కార్మికులు న్యూరెంబర్గ్ ఫ్యాక్టరీలకు వచ్చారు. ఇవాళ న్యూరెంబర్గ్‌లో దాదాపు సగం మంది వలస మూలాలున్నవాళ్లే. కాబట్టి "అసలు ఫ్రాంకెన్ మనిషి" అని ఎవరైనా గుండె చరుచుకుంటే తాతమ్మ ఊరు అడుగు, ఎక్కడో బొహీమియా తేలుతుంది.

కర్నూలు_కుర్రాడు

అందరికీ చాలా థాంక్స్, ఇంత వస్తుందని అనుకోలేదు. హైల్‌బ్రోన్ వాడికి స్క్రీన్‌షాట్ పంపా, "ఇద్దరూ గెలుస్తారు" దగ్గర ఆగిపోయి కాలర్ ఎగరేస్తున్నాడు. నాది టెక్నికల్ ఫ్యాకల్టీ. మరి రూమ్ ఎటు చూడను, ఫుర్త్ వైపా, ఫోర్‌హైమ్ వైపా? లక్ష్మి అక్కా, ఫ్యాన్ ఇక్కడి నుంచి తెచ్చుకోనా?

వుర్జ్‌బర్గ్_లక్ష్మి

ఫ్యాన్ అక్కడే కొనుక్కో, మే నెలలోనే కొను, ఎండలు ముదిరాక షాపుల్లో దొరకవు. సూట్‌కేసులో ఆ బరువుకి పచ్చళ్లు తెచ్చుకో.

పెగ్నిట్జ్_ఒడ్డున

రూమ్ గురించి. ఎస్1 లోకల్ రైలు లైన్‌ని పట్టుకో, అదే నీ మ్యాప్. బాంబెర్గ్, ఫోర్‌హైమ్, ఎర్లాంగెన్, ఫుర్త్, న్యూరెంబర్గ్ వరసగా దాని మీదే ఉన్నాయి. ఫుర్త్, న్యూరెంబర్గ్ మధ్య రైలంటే జర్మనీకి తొలి రైలు, 1835 డిసెంబరులో మొదలైంది, ఇప్పుడు అదే దారిలో మెట్రో కూడా ఉంది. టెక్నికల్ ఫ్యాకల్టీ ఎర్లాంగెన్ దక్షిణం వైపు, మెయిన్ స్టేషన్ దాకా పోకుండా పౌల్-గోసెన్-ష్ట్రాసె స్టేషన్‌లో దిగి బస్సో సైకిలో ఎక్కొచ్చు. అందుకని దక్షిణం నుంచి వచ్చేవాడికి, అంటే ఫుర్త్, న్యూరెంబర్గ్ పడమర వైపు ఉండేవాడికి, కొంచెం సుఖం. ఇండియన్ సరుకుల షాపులు, రాత్రి దాకా బండ్లు, వారాంతం పార్ట్‌టైమ్ పనులు కూడా ఆ వైపే. ఫోర్‌హైమ్ ప్రశాంతంగా ఉంటుంది, పదిహేను కిలోమీటర్లే, కానీ సీమెన్స్ మెడికల్ వాళ్లు అక్కడా పెట్టడంతో అద్దెలు మునుపటిలా లేవు. జర్మనీ టికెట్ తీసుకుంటే లోకల్, రీజినల్ రైళ్లన్నీ ఎక్కొచ్చు, ఐసీఈ అనే హైస్పీడ్ రైలు ఎక్కితే మాత్రం ఫైన్.

స్టూడెంట్ హాస్టల్‌కి సీటు కన్ఫర్మ్ అయిన రోజే అప్లై చెయ్యి, ఇంకా చేయకపోతే ఈ పోస్ట్ మూసేసి ముందు ఆ పని చూడు. గది చూడకుండా ముందే డిపాజిట్ పంపమని అడిగేవాడికి రూపాయి కూడా పంపకు. దొరికేదాకా ఒక నెల తాత్కాలికంగా అయినా ఎర్లాంగెన్‌లోనే దిగు, రిజిస్ట్రేషన్, బ్యాంకు, యూనివర్సిటీ కాగితాలు అన్నీ ఆ మొదటి వారాల్లోనే ఉంటాయి.

హోఫ్_చలిలో

ఇంకోటి మర్చిపోయారు అందరూ. పెంతెకొస్తు పండుగకు ముందు గురువారం నుంచి పన్నెండు రోజులు ఎర్లాంగెన్‌లో బెర్గ్‌కిర్ష్‌వై జాతర, 1755 నుంచి జరుగుతోంది. ఆ రోజుల్లో ఊరు ఊరంతా కొండ మీదే ఉంటుంది, ఎస్1లో నిలబడే చోటు కూడా ఉండదు. ఆ వారంలో ఇల్లు మారే ప్లాన్ మాత్రం పెట్టుకోకు.